లించింగ్ పోస్ట్‌కార్డులు కొనడం, అమ్మడం అమెరికాలో నేరమా?

నేరం కాదు. నల్లజాతివాళ్లను మూకలు చంపినప్పుడు (దాన్నే లించింగ్ అంటారు) తీసిన ఫొటోలతో వేసిన ఈ కార్డులను దగ్గర పెట్టుకోవడాన్ని గానీ అమ్ముకోవడాన్ని గానీ నిషేధించే ఫెడరల్ చట్టం లేదు.

అసలు ఇవి పుట్టిందే అమ్మకపు సరుకుగా. 1916 మే 15న టెక్సస్‌లోని వేకోలో, 17 ఏళ్ల జెస్సీ వాషింగ్టన్‌ను సిటీ హాల్ దగ్గర వేలమంది చూస్తుండగా తగలబెట్టారు. ఊళ్లో స్టూడియో ఉన్న ఫ్రెడ్ గిల్డర్‌స్లీవ్ తీసిన ఫొటోలు కార్డులుగా అమ్ముడయ్యాయి. టెక్సస్‌దే మరో కార్డు వెనక, ఇది రాత్రి మేం చేసుకున్న బార్బెక్యూ అని ఒక కొడుకు ఇంటికి రాశాడు. గుంపులో తానెక్కడున్నాడో గుర్తు కూడా పెట్టాడు! చదివితే కడుపులో దేవుతుంది. కానీ ఆ చేతిరాతే తిరుగులేని సాక్ష్యం.

అందుకే నల్లజాతి హక్కుల నాయకుడు డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ 1916 జులైలోనే వేకో ఫొటోలను తన సంపాదకత్వంలోని 'ది క్రైసిస్' పత్రికలో అచ్చువేశారు. హంతకులు గొప్పకు తీయించుకున్న బొమ్మలే వాళ్లమీద నేరారోపణ అయ్యాయి. అట్లాంటాకు చెందిన పాతవస్తువుల వ్యాపారి జేమ్స్ అలెన్ ఏళ్లతరబడి కొని పోగుచేసిన కార్డులను 2000లో న్యూయార్క్‌లో ప్రదర్శించినప్పుడు జనం క్యూ కట్టారు.

కాబట్టి కొన్న ప్రతివాణ్నీ జాత్యహంకారి అనలేం. కానీ లాభానికి చేతులు మార్చడం నాకు ముమ్మాటికీ తప్పే. బొమ్మలో ఉన్న మనిషికి వారసులున్నారు, వాళ్లకు పైసా దక్కదు, అనుమతీ ఎవరూ అడగరు. పాత పెట్టెలో ఇలాంటిది దొరికితే వెనకవైపు రాత, స్టూడియో ముద్ర చెరపకుండా మ్యూజియానికో, యూనివర్సిటీ ఆర్కైవ్‌కో ఇవ్వండి. మిషిగన్‌లోని ఫెర్రిస్ స్టేట్ యూనివర్సిటీలో జిమ్ క్రో (నల్లజాతివాళ్లను వేరుపెట్టిన పాత జాతివివక్ష వ్యవస్థ పేరు) మ్యూజియం ఇలాంటి వస్తువులతోనే పాఠాలు చెబుతోంది.