క్వాలిస్ డీజిల్ ఫిల్టర్: ఏసీ పైపులు విప్పే పని లేదు

తమ్ముడూ, మీ నాన్నగారి 2003 క్వాలిస్ గువ్వలచెరువు ఘాట్‌లో మూడో గేరుకే దమ్ము చాలక నిలబడిపోతోందని రాశావు. ఫిల్టర్ మార్చాలంటే ఏసీ పైపులు విప్పాలి, గ్యాస్ పోతుంది, మళ్లీ నింపించుకోవాలి అని రాయచోటిలో మేస్త్రీ చెప్పాడన్నావు. ఆ పైపుల జోలికి పోవద్దు. నాదీ అదే బండి. కొన్న చాలా ఏళ్లకు అనంతపురంలో విడిగా ఏసీ పెట్టించాం, దాని పైపులు సరిగ్గా ఫిల్టర్ మీదుగా లాగారు. అయినా ఇంటి ముందు వేపచెట్టు నీడలో ఒక పూటలో మార్చుకున్నా.

ముందు జబ్బు ఫిల్టర్‌దేనా అని తేల్చుకో. సాపు రోడ్డు మీద బాగా పోతూ, మిట్ట ఎక్కేటప్పుడే వెనక్కి లాగినట్టుంటే డీజిల్ చాలడం లేదని అర్థం. బరువు పడినప్పుడు ఇంజిను ఎక్కువ డీజిల్ అడుగుతుంది, ఫిల్టర్‌లో వడకట్టే కాగితం పూడిపోతే అంత ఇవ్వలేదు. అదే సమయంలో వెనక నల్లపొగ చిమ్ముతుంటే మాత్రం ఎయిర్ ఫిల్టర్ ముందు చూడు. పొగ లేకుండా దమ్ము ఒక్కటే తగ్గితే డీజిల్ ఫిల్టర్‌నే అనుమానించు.

ఇంకో సంగతి బాగా గుర్తుపెట్టుకో, నా పన్నెండు రోజుల తిప్పలన్నీ ఇది తెలియకనే. ఈ 2,446 సీసీ ఇంజినుకు ట్యాంకులో మోటారు ఉండదు. ఇంజినుకున్న పంపే ట్యాంకు నుంచి డీజిల్‌ను గుంజుకుంటుంది, మధ్యలో ఫిల్టర్. స్ట్రా పెట్టి టెంకాయ నీళ్లు తాగుతాం కదా, ఆ స్ట్రాకు సన్న చిల్లి పడితే నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి వస్తుంది. ఇక్కడా అంతే. ఫిల్టర్ దగ్గర బిగింపు సరిగ్గా లేకపోతే చుక్క కూడా కారకపోవచ్చు. చూస్తే అంతా పొడిగా, శుభ్రంగా ఉంటుంది, కానీ గాలి పడుతూనే ఉంటుంది.

మొదటిసారి నేను షెడ్డులోనే మార్పించా. సాయంత్రం బ్రహ్మాండంగా ఇంటికొచ్చింది. తెల్లారి ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా అందుకోలేదు. ఫిల్టర్ పైనున్న హ్యాండ్ పంపు ఇరవైసార్లు నొక్కితే లేచింది. రోజూ పొద్దున ఇదే వరస. ఒకాయన పంపు పోయింది, విప్పి సర్వీసుకు పంపాల్సిందే అన్నాడు. నాకు మనసొప్పలేదు. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య తాత్కాలికంగా జానెడు పారదర్శక పైపు వేసి స్టార్ట్ చేశా. డీజిల్‌తోపాటు ఆవగింజలంత బుడగలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఫిల్టర్ విప్పాను. దాని రబ్బరు రింగు దాని మీదే బాగానే ఉంది. పైన ఫిల్టర్ బిగించే తల అడుగున వేలు పెట్టి తిప్పితే ఏదో గట్టు తగిలింది. కంటికి కనపడే చోటు కాదు. ఫోన్‌లో టార్చి వేసి, వీడియో పెట్టి లోపలికి తోసి చూస్తే పాత ఫిల్టర్ రింగు నల్లగాజులా అక్కడే అతుక్కుని ఉంది! దాని మీదే కొత్తది బిగించారు. రింగు మీద రింగు కూర్చుంటే ఎంత బిగించినా గాలి ఆగదు. గోటితో పెరికేశా. మరుసటి పొద్దున మొదటి సెల్ఫ్‌కే లేచింది.

అందుకే నువ్వు మార్చేటప్పుడు అన్నిటికన్నా ముందు ఆ రింగు పాత ఫిల్టర్‌తోపాటు వచ్చిందా లేదా చూసుకో.

చేయి ఎలా పట్టాలంటే, ఫిల్టర్‌ను ఉన్నచోటే తిప్పాలని కుస్తీ పట్టకు. మా బండిలో ఫిల్టర్ తల ఉన్న బ్రాకెట్టును బాడీకి రెండు బోల్టులే పట్టుకున్నాయి. అవి తీసి, డీజిల్ పైపులు తీయకుండానే మొత్తాన్ని ఏసీ పైపుల కిందుగా పక్కకు లాగితే ఫిల్టర్ చేతికి అందేంత బయటికి వచ్చింది. పైపులు ఎండిపోయి గట్టిపడి ఉంటే మాత్రం బలంగా వంచకు, కొత్తవి వేసుకో. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యి. ఆ ఇరుకులో పానా ఎక్కడ తగిలి నిప్పురవ్వ లేస్తుందో చెప్పలేం. కింద పాత గిన్నె పెట్టు, బెల్టు మీద, ఆల్టర్నేటర్ మీద గుడ్డ కప్పు.

ఫిల్టర్ తిరగకపోతే స్క్రూడ్రైవర్‌తో పొడిచి తిప్పడం చాలామందికి అలవాటు. రేకు చిరిగిపోతుంది, ఇంక పట్టు దొరకదు. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి రెండు చేతులా తిప్పు, నాకు దాంతోనే వచ్చింది. అడుగున నీళ్ల సెన్సార్ ఉంటుంది, దాన్ని జాగ్రత్తగా విప్పి, చిన్న రింగు కొత్తది వేసి కొత్త ఫిల్టర్‌కు బిగించు. పాతదాంతో పారేసి తర్వాత వెతుక్కునేవాళ్లను చూశా.

కొత్త ఫిల్టర్‌ను డీజిల్‌తో నింపి పెట్టమని చెప్తారు. మధ్య రంధ్రంలో మాత్రం పోయకు. అది వడకట్టిన డీజిల్ పంపుకు పోయే దారి, అక్కడ పోస్తే చెత్త నేరుగా పంపులోకి పోతుంది. హ్యాండ్ పంపు ఉంది కాబట్టి ఖాళీగానే బిగించొచ్చు. రింగుకు డీజిల్ రాసి, తలకు తగిలాక ఇంకో ముప్పావు చుట్టు చేత్తోనే తిప్పు, చైను పానాతో వద్దు. తర్వాత హ్యాండ్ పంపు గట్టిపడేదాకా నొక్కు, నాకు యాభై దాకా పట్టింది. సెల్ఫ్ పది సెకన్లకు మించి పట్టుకోవద్దు, మధ్యలో నిమిషం ఆగు. ఎంతకీ లేవకపోతే గాలి ఇంకా ఉన్నట్టే, మళ్లీ పంపు కొట్టు. పంతానికి సెల్ఫ్ కొడితే బ్యాటరీ, సెల్ఫ్ మోటారు రెండూ పోతాయి.

పాత ఫిల్టర్‌లోది గాజు సీసాలో వంచి చూడు. నాదాంట్లో అడుగున రెండు వేళ్ల మందం నీళ్లు, వాటి మీద ఎర్రటి తుప్పు నలక. ట్రాక్టరుకని క్యానులో తెచ్చిన డీజిల్‌ను బండిలో పోసేవాళ్లం, అదే కారణమని నా నమ్మకం. ఆ అలవాటు మానేశాం, 20,000 కిలోమీటర్లకోసారి ఫిల్టర్ మారుస్తున్నా, నెలకోసారి అడుగున డ్రెయిన్ తిప్పి నీళ్లు వదులుతున్నా.

మార్చాక బండిలో మనుషులను ఎక్కించుకుని మళ్లీ ఘాట్ ఎక్కి చూడు. అప్పటికీ దమ్ము రాకపోతే ట్యాంకులో డీజిల్ తీసుకునే పైపు చివర జాలీ పూడిపోయిందేమో చూడాలి. ఫిల్టర్ తల ఫోటో, సీసాలో వంచినదాని ఫోటో పెట్టు, చూసి చెప్తాను.