లడఖ్‌లో ఆక్సిజన్ తక్కువ కాబట్టి రక్తం గడ్డకడుతుందా?

"వచ్చే నెల లడఖ్ వెళ్తున్నాం, అక్కడ రక్తం గడ్డకడుతుందట, నిజమేనా?" అని అడిగారు. నిజమే. సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేసినవాణ్ణి, కళ్లారా చూశాను.

ఒక చలికాలం మంచు తుపానుకు మా పోస్టులో అందరం గుడారాలకే పరిమితమయ్యాం. విజయనగరం కుర్రాడొకడు, కొండ ఎక్కడంలో అందరికంటే ముందుండేవాడు, కుంటుతూ వచ్చాడు. "అన్నా, పిక్క పట్టేసింది, కాస్త నూనె రాసి మర్దనా చెయ్యవా" అన్నాడు. బూటు, మేజోళ్లు విప్పించి చూస్తే ఎడమ పిక్క బిగుసుకుపోయి నిగనిగలాడుతోంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. టేపుతో కొలిస్తే కుడికాలికంటే 3 సెంటీమీటర్లకు పైనే లావు. మర్దనా మాటే ఎత్తవద్దన్నాను. ఆకాశం తేటపడగానే హెలికాప్టర్‌లో లేహ్ పంపించాం. డాప్లర్ స్కానింగ్‌లో లోపలి సిరలో గడ్డ కనిపించింది. రుద్దితే అది కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉండేది.

ఎత్తులో ఎర్రకణాలు పెరిగి రక్తం చిక్కబడుతుందని అందరూ చెబుతారు. అది సగం సంగతే. ఆక్సిజన్ తగ్గితే పీఏఐ-1 అనే ప్రోటీన్ పెరిగి, కట్టిన గడ్డను కరగనివ్వదు. మరోవైపు ఎత్తులో పెరిగే ఆక్సీకరణ ఒత్తిడి, అంటే ఆక్సిజన్ నుంచి ఒంట్లో పుట్టే హానికర అణువుల దాడి, రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ పొర మీద థ్రాంబోమాడ్యులిన్ అనే ప్రోటీన్ కాపలా ఉంటుంది. అందులో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఒక్కటి ఆక్సీకరణం చెందితే చాలు, గడ్డకట్టడాన్ని ఆపే ప్రోటీన్-సిని అది సరిగా మేల్కొలపలేదు. దీనికి చలి, నీళ్లు తాగకపోవడం, కదలకుండా పడి ఉండడం తోడైతే ఇక చెప్పేదేముంది! బుఖారీ (గుడారాన్ని వెచ్చబరిచే పొయ్యి) పక్కన కూర్చుని సిగరెట్లు కాల్చేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అంతకంటే కోపం తెప్పించేది యాత్రల వీడియోలు. లేహ్ ఎత్తే సుమారు 3,500 మీటర్లు. విమానం దిగిన మర్నాడే ఇంకా ఎంతో ఎత్తున్న ఖర్దుంగ్‌లా కనుమ ఎక్కమని చెప్పేవారికి మనుషుల ప్రాణాలంటే లెక్కలేదా? ఇక యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకుంటే గడ్డకట్టదని వాట్సాప్‌లో తిరిగే సందేశాలను నమ్మి డబ్బు తగలెయ్యకండి. ఆస్పిరిన్ కూడా సొంతంగా మింగకండి.

నెలల తరబడి ఉండే జవాన్లతో పోలిస్తే, వారం రోజుల యాత్రకు వచ్చే ఆరోగ్యవంతులకు ముప్పు తక్కువే. అయితే మీలో గర్భనిరోధక మాత్రలు వాడేవారు, ఇదివరకు కాలిలో గడ్డకట్టినవారు ఉంటే టికెట్లు కొనకముందే వైద్యుణ్ణి కలవండి. అక్కడ ఒక కాలు మాత్రమే వాస్తే నూనె సీసా తీయకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.