ఎర్ర మందారం ముద్దలా వస్తోంది, ఫోన్ మార్చాలా?

ప్రశ్న: మాది అనంతపురం, ఇప్పుడు బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నాం. మిద్దె మీద 30 కుండీల దాకా ఉన్నాయి. ఎండాకాలమంతా తోట ఎలా మారుతుందో ఫొటోలు తీసి పెట్టుకుందామని మార్చిలో మొదలెట్టా. ఒక్కటీ సరిగ్గా రావట్లేదండీ. ఎర్ర మందారం రేకులే కనపడకుండా ముద్దలా వస్తోంది, షేడ్ నెట్ కింద మొక్కలన్నీ పాచి పట్టినట్టున్నాయి, మబ్బేస్తే మల్లెపూలు కూడా నీలంగా వస్తున్నాయి. మా అబ్బాయేమో ఫోన్ మార్చెయ్ అంటున్నాడు.

జవాబు: మార్చక్కర్లేదండీ, ఆ డబ్బుతో ఇంకో పది కుండీలు కొనుక్కోండి. ఏ టైముకి తీస్తున్నారో మీరు రాయలేదు గానీ ఇంటి పనంతా అయ్యాక పదకొండు పన్నెండు మధ్య మిద్దెక్కుతున్నారని నా అనుమానం. ఇక్కడ ఏప్రిల్ 24, 25 తారీఖుల్లో మధ్యాహ్నం 12 దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకి నీడ కూడా పడదు, జీరో షాడో డే అని స్కూలు పిల్లలకి చూపిస్తారు చూడండి, అదే. పిల్లలకి సరదాగానే ఉంటుంది కానీ పువ్వుకి అంత చెడ్డ వెలుతురు ఇంకోటి లేదు, పై రేకులు తెల్లబోతాయి, కింది ఆకులు నల్లగా మసైపోతాయి. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర లోపు తీయండి, సగం బాధ పోతుంది.

ఇక మందారం సంగతి. కెమెరా లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు గిన్నెలున్నాయనుకోండి. ఎండలో ఎర్ర మందారం పెడితే ఎరుపు గిన్నె ఒక్కటే నిండి పొర్లిపోతుంది, మిగతా రెండూ అడుగునే ఉంటాయి, దాంతో ఫోన్ ఇంకా వెలుతురు చాల్లేదేమో అనుకుని పెంచేస్తుంది, అక్కడితో రేకుల మీద గీతలూ మడతలూ అన్నీ పోతాయి. పువ్వు మీద వేలు నొక్కి పట్టుకోండి, ఫోకస్ లాక్ అవుతుంది, వెలుతురు తగ్గించే గుర్తు పక్కనే వస్తుంది, దాన్ని కిందకి లాగండి, మరీ చీకటైపోయిందే అనిపించేదాకా. తర్వాత ఎడిట్‌లో కొంచెం పెంచుకోవచ్చు గానీ పొర్లిపోయింది మాత్రం తిరిగి రాదు. ఎండ తప్పనప్పుడు బట్టలారేసే తీగకి పాత మల్లు పంచె క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే దాని వెనక పడే వెలుతురు చాలా మెత్తగా ఉంటుంది, నేనింతవరకూ వేరే సామాను కొనలేదు.

షేడ్ నెట్ కింద మాత్రం ఫోన్‌తో కుస్తీ పట్టకండి. ఆకుపచ్చ నెట్‌లోంచి వచ్చే వెలుతురే పచ్చగా ఉంటే పాపం అదేం చేస్తుంది, కుండీ బయటకి జరపండి, పెద్ద డ్రమ్మైతే ఐదు నిమిషాలు నెట్‌నే చుట్టి పక్కకి తీసేయండి.

మబ్బు నీలానికి ప్రో మోడ్‌లో (కెమెరా సెట్టింగులు మనమే మార్చుకునేది) వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురుని బట్టి రంగులు సరిదిద్దే సెట్టింగ్, క్లౌడీలో పెట్టండి, లేదా ఎడిట్‌లో పసుపు ఛాయ పెంచే వార్మ్‌త్ ఒక్క రవ్వ. ఒక్క రవ్వే, మబ్బు రోజుని ఎండ రోజు చేసేస్తే మరి తోట ఎలా మారిందో చూడ్డానికి ఏం మిగిలిందండీ? నన్నడిగితే ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో మామిడి జల్లులకి ముందు నాలుగింటికి ఆకాశం బూడిద రంగుకి తిరిగే ఆ అరగంటని మించింది లేదు, నీడలుండవు, ఆకుపచ్చల్లో తేడాలన్నీ బయటపడతాయి. గాలొకటే చిక్కు, అదే ప్రో మోడ్‌లో షట్టర్ 1/500కి, అంటే సెకనులో ఐదువందలో వంతుకి పెట్టి పది తీస్తే ఒకటన్నా నిలుస్తుంది. ఉరుము వినపడిందా, ఫొటో వదిలేసి కిందకి దిగిపోండి. ఇంకోటి, టేబుల్ రోజ్‌కి ఈ మబ్బు సలహా పనికిరాదు. మెత్తటి వెలుతురు కావాలని నేనొకరోజు సాయంత్రం దాకా ఆగి కెమెరా పట్టుకుని వెళ్తే ఒక్క పువ్వు తెరిచి ఉంటే ఒట్టు, దానికి ఎండ ఉండాల్సిందే, దాన్ని తొమ్మిదింటికి కానిచ్చేయండి.

నెలనెలా పోల్చుకోవాలంటే మీరు నిలబడే చోట నేల మీద పెయింట్ చుక్క పెట్టుకోండి, ముగ్గుపిండైతే మొదటి వానకే పోతుంది.

ప్రశ్న: వాన బొట్టులో పువ్వు కనపడేలా ఫొటోలు చూశాను. దానికి మాక్రో లెన్స్ (చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసేది) ఉండాలా? (ఒక విద్యార్థి, జయనగర్)

జవాబు: ఉంటే మంచిదే, లేకపోయినా గడుస్తుంది. బొట్టే ఒక లెన్స్, వెనకున్న పువ్వు అందులో తలకిందులుగా కనపడుతుంది. బొట్టు అంచు మీద కాకుండా లోపలున్న ఆ బుల్లి పువ్వు మీద ఫోకస్ చెయ్యి బాబూ, అందరూ తప్పేది అక్కడే. మరీ మీద పడితే ఫోన్ నీడ పడుతుంది, కాస్త వెనక్కొచ్చి 2ఎక్స్ జూమ్‌లో తియ్యి. వాన కోసం చూడక్కర్లేదు, చేమాకు మీద నీళ్లు చల్లితే ముత్యాల్లా నిలబడతాయి.

ప్రశ్న: మిద్దె మీద వీడియో తీస్తుంటే ఫోన్ కాలిపోతోంది, స్క్రీన్ కూడా మసకబారుతోంది. పాడైందా? (ఒక పాఠకుడు, హెబ్బాళ)

జవాబు: పాడవలేదండీ, తనను తాను కాపాడుకుంటోంది. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వేడిలోనే వాడమని యాపిల్ వాళ్లే చెప్తారు, మన బెంగళూరులో 2016 ఏప్రిల్‌లో 39.2 కొట్టింది మరి. కవర్ తీసేసి నీడలో పెట్టండి. తొందరపడి ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, బయటకి తీయగానే తేమ పట్టేస్తుంది.