మీ నాన్నతో ఏ రోజు ఏం మాట్లాడాలి

చి. సుధకు, పెద్దత్త ఆశీస్సులు.

కిడ్నీలు పనిచేయక డయాలసిస్ (మిషన్‌తో రక్తం శుద్ధి చేయడం) చేయించుకుంటున్న మీ నాన్న అడిగిందే అడుగుతున్నాడనీ, మాత్రలు వేసుకున్నదీ లేనిదీ గుర్తుండటం లేదనీ రాశావు. మొండితనం అనుకోకమ్మా, అంతా వయసు మీదకు తోసెయ్యకు. డయాలసిస్ యూనిట్లో నర్సుగా ఉన్నన్నాళ్లూ చూశాను: క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతని అందరూ అడుగుతారు, మనిషి తెలివిడి ఎలా ఉందని అడిగేవారు ఉండరు. అమెరికాలో మినియాపొలిస్ ప్రాంతంలో 55 ఏళ్లు నిండిన డయాలసిస్ రోగులను పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవారు 13 శాతమే. తీవ్రంగా దెబ్బతిన్నవారు 37 శాతం. అయినా ఈ ఇబ్బంది కేసు కాగితాల్లోకి ఎక్కింది 3 శాతం లోపు మందికే.

పాత సంగతులు వాడు భేషుగ్గా చెబుతాడు చూడు, అందుకే ఇంట్లోవాళ్లు పసిగట్టలేరు. ఎక్కువగా దెబ్బతినేది ఒక పనిని వరసగా చక్కబెట్టుకునే శక్తి: బ్యాంకు లెక్క, మందుల వేళలు, రెండు విషయాలు ఒకేసారి పట్టించుకోవడం.

అన్నిటికంటే ముఖ్యం, వేళ చూసి మాట్లాడు. డయాలసిస్ జరిగే నాలుగు గంటల్లో ఒంట్లోంచి రెండు మూడు లీటర్ల నీరు లాగేస్తుంటే బీపీ పడిపోతుంది, మెదడుకు రక్తం తగ్గుతుంది. మిషన్ మీద ఉన్నప్పుడే బుర్ర బాగా మందగిస్తుంది. సరిగ్గా అప్పుడే డాక్టరు రౌండ్స్‌కి వచ్చి కొత్త మందుల సంగతి చెబుతారు, మీవాడు తల ఊపుతాడు. ఆ తల ఊపడాన్ని నమ్మకు. నువ్వు విని రాసుకో. సంతకాలు, డబ్బు వ్యవహారాలు, ఆపరేషన్ నిర్ణయాలు మర్నాటికి పెట్టు. జ్ఞాపకశక్తి పరీక్ష చేయించమని డాక్టరును నువ్వే అడుగు. అది డయాలసిస్‌కు ముందో, లేని రోజునో, తెలుగులో జరగాలి.

రెండు డయాలసిస్‌ల మధ్య ఒంట్లో నీరు చేరి బరువు ఎంత తక్కువ పెరిగితే అంత నెమ్మదిగా నీరు తీయవచ్చు. నీళ్లు తాగొద్దని పోరితే లాభం లేదు, ముందు ఉప్పు తగ్గించు. ఆవకాయ జాడీ వాడికి అందకుండా ఉంచు, తిట్టుకుంటే తిట్టుకోనీ. మిషన్‌లో రక్తాన్ని శుభ్రం చేయడానికి వాడే డయాలసిస్ ద్రవాన్ని ఒంటి వేడి కంటే అర డిగ్రీ చల్లగా నడిపితే మెదడుకు దెబ్బ తగ్గిందని 2015లో ఒక అధ్యయనం వచ్చింది. మీ నాన్నకు అది కుదురుతుందేమో డాక్టరును అడుగు. చలేస్తుంది, దుప్పటి ఇచ్చి పంపు.

మిషన్ నీళ్ల వల్లే మతి పోతోందని మీ పక్కింటాయన అన్నమాటలో ఒకప్పుడు నిజముంది. 1970లలో ఆ ద్రవం తయారుచేసే నీటిలోని అల్యూమినియం చాలామంది మెదడును పాడుచేసింది. నీటిని ఆర్‌ఓతో శుద్ధి చేయడం మొదలయ్యాక ఆ జబ్బు చాలా అరుదైపోయింది.

నన్నడిగితే నీళ్లకంటే మందుల సంచిని అనుమానించాలి. అరికాళ్ల మంటలకిచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, కండరాల బిగుతుకిచ్చే బాక్లోఫెన్ మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. మూత్రపిండాలు పనిచేయకపోతే మందు ఒంట్లో పేరుకుని మనిషి మత్తుగా, అయోమయంగా అయిపోతాడు. మామూలు మోతాదు కూడా ప్రమాదమే. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లినా, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినా "డయాలసిస్‌లో ఉన్నారు" అనే మాట మొదట చెప్పు. మందులు నీ అంతట నువ్వు ఆపెయ్యకు, కిడ్నీ డాక్టరుకు సంచి మొత్తం చూపించు. ఇన్సులిన్ ప్రభావం కూడా వీళ్లలో ఎక్కువసేపు ఉంటుంది. ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే వెంటనే షుగర్ చూడు. మాట ముద్దగా వచ్చినా, మూతి వంకరపోయినా, మగత వదలకపోయినా మర్నాటి డయాలసిస్ దాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లు.

అలాగని అన్ని పనులూ వాడి చేతుల్లోంచి లాక్కోకు. మాత్రలు వారానికి సరిపడా గళ్ల డబ్బాలో నువ్వు సర్దు, తీసి వేసుకునేది వాడే. నిద్ర పట్టడం లేదన్నా, దిగులుగా ఉంటున్నా, రక్తం తగ్గినా ఆలోచన ఇంకా మందగిస్తుంది. వాటికి వైద్యం ఉంది, డాక్టరుకు చెప్పు.

మంగళ, గురు, శనివారాలు కదా వాడి డయాలసిస్. బుధవారం పొద్దున టిఫిన్ అయ్యాక నాకు ఫోను చేయించు. పొలం కౌలు సంగతి వాడితోనే తేల్చుకుంటాను.

పెద్దత్త