పాత బండ్లు: రేకు పీకే ముందు రివెట్ చూడండి

ప్రశ్న: 1965 ఎంజీబీ ఒకటి బేరానికి వచ్చింది, ఎంజీ కంపెనీ వాళ్ళ రెండు సీట్ల ఓపెన్ టాపు బ్రిటిష్ కారు. బానెట్ కింద అంతా మసీ తుప్పూ ఉంది గాని, ఛాసిస్ నెంబరు కొట్టిన రేకు మాత్రం మెరుస్తోంది. అది కంపెనీ రేకేనా, తర్వాత కొట్టించిందా? ఎట్లా తేల్చుకోవాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మెరుపు చూసి బెదరకండి, గుడ్డతో రెండుసార్లు తుడిచినా మెరుస్తుంది. ముందు అక్షరాలు చదవండి. 65 నాటి ఓపెన్ బండికి జీహెచ్ఎన్3 అని మొదలవ్వాలి. జీ అంటే ఎంజీ. హెచ్ అంటే 1400 నుంచి 1999 సీసీ లోపు ఇంజన్. ఎన్ అంటే రెండు సీట్ల ఓపెన్ బాడీ. 3 సిరీస్ అంకె. ఎన్ ఉండాల్సిన చోట డీ ఉంటే అది జీటీ, అంటే టాపు కదలని కూపే. ఓపెన్ బండికి డీ రేకు ఉందంటే చాలావరకు అది వేరే బండి నుంచి వచ్చిందే. సిరీస్ అంకె 4 అయింది 1967 చివర్లో, కాబట్టి మీ బండి మీద 4 కనబడకూడదు. 3 పక్కన ఎల్ ఉంటే ఎడమ స్టీరింగుతో బయటికొచ్చిన బండి. ఇప్పుడది కుడి పక్క ఉంటే ఎప్పుడు మార్చారో అడగండి.

అక్షరాలు సరిపోయినా పని అయిపోలేదు, అవి ఎవరైనా కొట్టించగలరు. టార్చిలైటు పక్కనుంచి వాలుగా వేసి చూడండి. అచ్చుతో గుద్దిన అంకె చుట్టూ లోహం సన్నగా కట్టలా లేస్తుంది, గోరు ఆడిస్తే తగులుతుంది. యంత్రంతో చెక్కిన అంకెకు అది ఉండదు, గాడి నునుపుగా ఒకే లోతులో పోతుంది. ఒక అంకె కాస్త పైకీ ఇంకోటి కిందికీ ఉంటే కంగారు పడొద్దు. చేత్తో కొట్టిన రోజుల్లో అట్లాగే ఉండేవి. మరీ తీర్చిదిద్దినట్టుంటేనే నాకు అనుమానం.

తర్వాత రివెట్లు. వాటి తలల చుట్టూ డ్రిల్లు జారిన గీతలున్నాయా? రెండు తలలూ ఒకే సైజా? రేకు అంచు దగ్గర రంగు ఎట్లా ఆగింది? రేకు మీదికి కూడా రంగు పాకి ఉంటే, రేకు ఉండగానే ఎవరో స్ప్రే కొట్టారు. అది నిజాయితీ గుర్తే. రంగు రేకు కిందికి దూరిపోయి, ఆ రంగు కొత్తదైతే, రేకు ఒకసారి ఊడి మళ్ళీ ఎక్కింది. పక్కన పుట్టీతో పూడ్చిన పాత బొక్కలు కనిపిస్తే బేరం అక్కడే ఆపండి.

ఇంజన్ నెంబరు కూడా బ్లాకుకి కొట్టిన చిన్న రేకే. కుడి పక్క, స్పార్క్ ప్లగ్గులున్న వైపు ఉంటుంది. 65 బండికి 18జీబీ తగును, అంటే క్రాంకు షాఫ్టు అయిదు బేరింగుల మీద తిరిగే ఇంజన్. 18జీబీ తర్వాత యూ ఉంటే గేరు రాడ్డు రెండు సీట్ల మధ్య ఉన్నట్టు, ఆర్‌యూ ఉంటే దానితో పాటు ఓవర్‌డ్రైవ్ (వేగంగా పోయేటప్పుడు ఇంజన్ తిరుగుడు తగ్గించే అదనపు గేరు) కూడా ఉన్నట్టు. చివరి హెచ్ అంటే హై కంప్రెషన్, నిష్పత్తి 8.8. 18వీ అని ఉంటే 70ల ఇంజన్ పెట్టారు. తప్పేమీ లేదు గాని, "ఒరిజినల్" ధర ఇవ్వక్కర్లేదు. అన్నీ నప్పితే ఇంగ్లండులో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం నుంచి హెరిటేజ్ సర్టిఫికెట్ తెప్పించండి. ఛాసిస్ నెంబరుకు ఫ్యాక్టరీ రికార్డులో ఏ ఇంజన్, ఏ రంగు రాశారో అందులో వస్తుంది. బయానా ఇచ్చేముందే అడగాలి, తర్వాత కాదు.

ప్రశ్న: 50 ఏళ్ళు దాటిన బండికి వీఏ నెంబరు, అంటే వింటేజ్ బండ్లకిచ్చే రిజిస్ట్రేషన్ నెంబరు, తీసుకుందామనుకుంటున్నాం. ఛాసిస్ నెంబరులో పది అక్షరాలు కూడా లేవు. ముందు సున్నాలు చేర్చి 17 చేస్తానని ఏజెంటు అంటున్నాడు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: చేయనివ్వకండి. 17 అక్షరాల పద్ధతి అమెరికాలో 1981 మోడళ్ళ నుంచి వచ్చింది. అంతకు ముందు ఏ కంపెనీ లెక్క దానిదే. రేకు మీద ఎన్ని ఉంటే ఫారంలో అన్నే రాయాలి, మధ్య గీతతో సహా. ఒక్కసారి ఆర్సీలో సున్నాలు ఎక్కితే, రేకుకూ కాగితానికీ పొత్తు కుదరక రేపు అమ్మేటప్పుడు మీరే తిరగాలి. 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధన ప్రకారం ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులుండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. ఇప్పటికే రిజిస్టరై ఉన్న బండికి పాత నెంబరు ఉంచుకునే వీలుంది. వీఏ బండిని రోజువారీ తిరుగుడుకు వాడకూడదు, అది మరవకండి.

పెన్సిల్ ప్రింటు రెండు తీయండి. అంకెల మీద మెత్తటి పెన్సిల్ అడ్డంగా రుద్ది, సెల్లోటేపు అంటించి లేపి, తెల్ల కాగితం మీద అతికించాలి. ఒకటి ఆఫీసుకు, ఒకటి మీ ఫైల్లోకి.

ప్రశ్న: టింకరింగ్, పెయింటింగ్‌కి ఇస్తున్నాం. రేకు ఊడదీసి కడిగి, మళ్ళీ బిగించమంటారా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: వద్దు. పాత రివెట్ ఒకసారి కోస్తే మళ్ళీ అది దొరకదు, పైన చెప్పిన సాక్ష్యమంతా దాంతోనే పోతుంది. రేకు కింద తుప్పు పట్టి తీయక తప్పకపోతే, ముందే ఫొటోలు తీసి ఆర్టీవో ఆఫీసులో చెప్పి తీయించండి. తీయాల్సిన పని లేకపోతే అంచు వెంట మాస్కింగ్ టేపు వేసి, మేస్త్రీకి మీరే ఎదురుగా నిలబడి చూపించండి. షెడ్డు కుర్రాడికి అది "ఏదో స్టిక్కర్".

కడగడానికి గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కల షాంపూ, చెవిలో పెట్టుకునే దూది పుల్ల చాలు. థిన్నర్ తగిలితే రంగు మరకతో పాటు రేకు మీది నల్ల అచ్చూ లేచిపోతుంది. ఇత్తడి రేకును పాలిష్ పెట్టి రుద్దితే గాడుల్లోని రంగు ఊడుతుంది. ఇంజన్ కడిగే ద్రావణంలో కాస్టిక్ సోడా ఉందేమో డబ్బా మీద చదవండి. అది అల్యూమినియాన్ని తినేస్తుంది, పోసిన కాసేపటికే రేకు నల్లబడి అంకెల అంచులు కరగడం మొదలవుతుంది.