కౌంటీ కట్టే జైలును నగర కౌన్సిల్ ఆపగలదా?

నేరుగా ఆపలేదు. అమెరికాలో కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కౌంటీ జైలు కౌంటీ ప్రభుత్వానిది, దాన్ని నడిపేది సాధారణంగా షెరీఫ్, అంటే కౌంటీ పోలీసు అధిపతి. కానీ జైలు కట్టాలనుకునే స్థలం నగర పరిధిలో ఉంటే, అక్కడ ఏం కట్టవచ్చో చెప్పే జోనింగ్ అధికారం నగరానిది. అసలు పట్టు అక్కడే ఉంది.

ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్ సంగతే చూడండి. అక్కడి మన్రో కౌంటీ జైలు 1980ల నాటిది. ఖైదీలు కిక్కిరిసి ఉన్నారని కోర్టులో కేసు కూడా నడిచింది. కొత్త జైలు కోసం కౌంటీ ఊరి చివర ఫుల్లర్టన్ పైక్ దగ్గర 87 ఎకరాలు చూసుకుంది. అది ఉపాధి సంస్థల కోసం కేటాయించిన జోన్ కాబట్టి దాన్ని మార్చమని నగరాన్ని అడిగింది. 2022 డిసెంబర్‌లో నగర కౌన్సిల్‌లోని తొమ్మిది మందీ వద్దన్నారు.

జైలు అంత దూరం పోతే ములాఖత్‌కు వచ్చే కుటుంబాలకు, బస్సు మీద ఆధారపడేవాళ్లకు కష్టం. ఆ అభ్యంతరం చాలా న్యాయమైనదని నా అభిప్రాయం. అయితే స్థలం కాదన్నంత మాత్రాన పాత జైల్లో ఉన్నవాళ్ల ఇబ్బంది తీరదు. కౌంటీ మళ్లీ వేరే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది.