గ్రీన్ స్క్రీన్ లోతుల్లోకి వెళ్లడం ఎంతవరకు అవసరం?

ప్రశ్న: ఎంసీఏ పూర్తిచేసి, హైదరాబాద్‌లోని ఒక ఐటీ సంస్థలో ఐబీఎం ఐ (ఐబీఎం వ్యాపార కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్) ప్రాజెక్టులో చేరాను. ఆర్‌పీజీ అనే ప్రోగ్రామింగ్ భాష, తెరల రూపాన్ని నిర్వచించే డీడీఎస్ నేర్చుకున్నాను. నాకు అప్పగించిన ఒక పాత ప్రోగ్రామ్‌లో డిస్‌ప్లే ఫైలే (డీడీఎస్‌తో ముందే రాసిపెట్టే తెర నిర్వచనం) లేదు. డైనమిక్ స్క్రీన్ మేనేజర్ ఏపీఐలతో, అంటే ప్రోగ్రామ్ నేరుగా పిలిచే సిస్టమ్ ఫంక్షన్లతో, తెరను గీస్తోంది. దీన్ని నేర్చుకోవడానికి సమయం వెచ్చించవచ్చా?

జవాబు: తప్పకుండా వెచ్చించండి, అయితే కొన్ని వారాలు చాలు. కేవలం ఈ పని కోసమే మనిషిని తీసుకునే ఉద్యోగాలు దాదాపు ఉండవు కనుక దీన్ని ప్రధాన నైపుణ్యంగా భావించవద్దు. కానీ తెర వెనుక ఏం జరుగుతుందో తెలిసినవారికీ తెలియనివారికీ తేడా, సమస్య వచ్చిన రోజున స్పష్టంగా బయటపడుతుంది.

ఐబీఎం ఐకి మూలమైన ఏఎస్/400 కంప్యూటర్ వచ్చింది 1988లో అయినా, గ్రీన్ స్క్రీన్ అని పిలిచే 5250 టెర్మినళ్లు (తెర, కీబోర్డు ఉన్న పరికరాలు) అంతకుముందు నుంచే ఉన్నాయి. వాటిలో నొక్కిన ప్రతి అక్షరమూ అప్పటికప్పుడు కంప్యూటర్‌కు చేరదు. వినియోగదారుడు ఎంటర్‌గానీ ఫంక్షన్ కీగానీ నొక్కినప్పుడు మాత్రమే కర్సర్ ఉన్న వరుస, కాలమ్, ఏ కీ నొక్కారో తెలిపే బైట్, ఆ వెనుక ఫీల్డుల సమాచారం కలిసి వెళ్తాయి. ఎంటర్‌కు ఆ బైట్ హెక్స్ (16 ఆధారిత సంఖ్యల్లో) ఎఫ్1, ఎఫ్3 కీకి హెక్స్ 33. మీ ప్రోగ్రామ్‌లో క్యూఎస్‌ఎన్ అక్షరాలతో మొదలయ్యే ఏపీఐలు చేసేది ఈ డేటా స్ట్రీమ్‌ను (తెరకూ కంప్యూటర్‌కూ మధ్య వెళ్లే బైట్ల వరుసను) కూర్చడం, తిరిగి చదవడమే.

అన్నిటికంటే శ్రద్ధగా గమనించవలసింది అట్రిబ్యూట్ బైట్. రంగు, అండర్‌లైన్ వంటివి చెప్పే ఈ బైట్ తెరపై ఒక స్థానాన్ని తానే ఆక్రమిస్తుంది. డీడీఎస్‌లో ఫీల్డును 10వ కాలమ్‌లో పెడితే దాని అట్రిబ్యూట్ 9వ కాలమ్‌లో కూర్చుంటుంది. ఫీల్డుల మధ్య కనీసం ఒక ఖాళీ వదలాలన్న నియమం ఇక్కడి నుంచే వచ్చింది. డీడీఎస్ ఆ లెక్క మీ తరఫున చూసుకుంటుంది. ఏపీఐలతో రాసేటప్పుడు, ఉదాహరణకు ఒక ఎరుపు ఫీల్డు ముగింపులోని అట్రిబ్యూట్‌పై పొరపాటున ఒక అక్షరం రాశారంటే, ఎరుపు రంగు తర్వాతి అట్రిబ్యూట్ ఎదురయ్యేదాకా, అవసరమైతే కింది వరుసలోకి కూడా పాకుతుంది. ఇది ఒకసారి కళ్లారా చూసినవారు మళ్లీ మరచిపోరు.

సాధన కోసం ఒకే చిన్న తెరను, ఉదాహరణకు కస్టమర్ నంబర్ అడిగి పేరు చూపేదాన్ని, మొదట డీడీఎస్‌తోనూ తర్వాత ఏపీఐలతోనూ రాయండి. ఆఫీసు సిస్టమ్‌పై ప్రయోగాలు వద్దు. పబ్400 అనే ఉచిత ఐబీఎం ఐ సర్వర్‌లో ఖాతా తెరవవచ్చు.

మిగిలిన సమయమంతా ఫ్రీ ఫార్మాట్ ఆర్‌పీజీకి (నిర్ణీత కాలమ్‌లలోనే రాయాలన్న నియమం లేని కొత్త శైలి), డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌కు, మీ క్లయింట్ వ్యాపార నియమాలకు కేటాయించండి. ఆ పాత ప్రోగ్రామ్‌ను డిస్‌ప్లే ఫైల్‌లోకి మార్చాలన్న ఉత్సాహం కలగడం సహజం. అయితే మొదట అది ఏపీఐలను ఎందుకు వాడిందో మీ సీనియర్‌ను అడగండి; నడిచే సమయంలోనే ఫీల్డుల సంఖ్య, స్థానం మారే తెర అయితే డీడీఎస్‌లో అదే పని చాలా కష్టమవుతుంది.